బయటినుంచి వేసే తలుపు

సోమవారం

ఈ పుస్తకంలో స్విచ్ గది సంగతులు తప్ప ఇంకేమీ రాయకూడదని సంఘం తీర్మానం. నాకు ముందు ఈ గది చూసినవాళ్ళు అలాగే రాశారు. దీపాలు వెలుగుతున్నాయి. దుమ్ము తుడిచాం. వాన. అంతే. నేను తుంపాల జెకర్యాని, బేతేలులంక మందిరంలో వాక్యం చెప్పేవాణ్ణి. దుమ్ము అని రాయగానే నా కలం ఆదాము దగ్గరికి పరిగెడుతుంది. ఏ బైబిలు కాలేజీ మెట్లూ ఎక్కినవాణ్ణి కాదు. చదివేవాళ్ళు ఓర్చుకోవాలి.

ఇవాళ స్విచ్ మళ్ళీ బిగుసుకుపోయింది.

మందిరం ఎత్తు మీద ఉంది కాబట్టి ఆ స్విచ్ పెట్టెని మా వెనక గదిలో పెట్టారు. సముద్రపు కట్ట మీది లాకులన్నిటికీ తీగలు ఇక్కణ్ణుంచే వెళ్తాయి. ఏ షట్టరు దిగాలో, ఏది లేవాలో ఈ పెట్టె గుండానే మాట వెళ్ళాలి. మాట వెళ్ళకపోతే షట్టరు ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. సముద్రం మాత్రం ఎక్కడున్నది అక్కడ ఉండదు.

పెట్టెకి కరెంటు తీసి మళ్ళీ ఇచ్చాను. దీపాలు ఆదివారం బడి పిల్లల్లాగ వరసగా లేచాయి. మధ్యాహ్నానికి మళ్ళీ నిద్ర. కిందటి నెల వారానికోసారి పడుకునేది, ఇప్పుడు పూటకోసారి పడుకుంటోంది.

"ఒరే జెకరీ, నీ పెట్టె మళ్ళీ చచ్చిందిరా," అంటూ రిబ్కమ్మ అక్క వచ్చింది. మూడో లాకు షట్టరు ఎత్తి దించే లస్కరు ఆవిడ. మా నాన్న పోయాక షట్టర్ల పని ఆవిడకీ, మందిరం పని నాకూ వచ్చాయి. ఏది గొప్ప పనో మేమిద్దరం ఇంతవరకు తేల్చుకోలేదు.

"చావలేదక్కా. నిద్రపోయింది."

"శనివారం అమావాస్య. అప్పుడు కూడా నిద్రపోతే, నా చేతుల్తో షట్టరు దించుదామన్నా చక్రం ఇరుసు విరిగి ఉంది. తెలుసుగా?"

తెలుసు. కిందటి పోటుకి ఆవిడ, ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు ఆ చక్రానికి వేళ్ళాడి షట్టరు దించారు. చివరి చుట్టులో ఇరుసు విరిగింది. అంత ఇనుము మళ్ళీ పోతపోసే కొలిమి ఈ తీరంలో లేదు. ఇప్పుడు మూడో లాకు పెట్టె మాట తప్ప ఎవరి మాటా వినదు. పెట్టె మాట్లాడదు. శనివారం సముద్రం కట్ట అంచుదాకా లేచి నిలబడుతుంది. పల్లంవీధి ఇళ్ళ కప్పులు దానికంటే కింద ఉంటాయి.

కూర్చోలేకపోయాను. గదిలో అటూ ఇటూ తిరిగాను. తిరిగి తిరిగి మెట్టమీది సహాయ కేంద్రానికి ఫోను చేశాను. ఆకాశంలో తిరిగే యంత్రాలన్నీ ఒకదాన్నొకటి కొట్టుకుని బూడిదయ్యాక, మెట్టకీ మాకూ మధ్య మిగిలింది ఒక్క రాగి తీగ. పాత టెలిఫోను తీగ. అందులో ఓ ఆడమనిషి గొంతు వచ్చింది.

"మందాకినిని మాట్లాడతాండా. ఏం సామీ, ఏమైంది మీ స్విచ్చికి?"

చెప్పాను.

"లోపల చూడందే నేనేం చెప్పేది? మోడెం తగిలించు. ఈ తీగ గుండానే లోపలికొచ్చి చూస్తా. మీకు ఎప్పుడో పంపినామే, ఏం చేసినారు దాన్ని?"

ఏం చేశామా? అలమర మీద పెట్టాం. డబ్బా విప్పలేదు. ఎందుకు విప్పలేదంటే నేను వద్దన్నాను కాబట్టి. గొర్రెల దొడ్డికి ద్వారం ఒకటుంటుంది. ఆ ద్వారాన రాకుండా ఇంకో వైపునుంచి ఎక్కివచ్చేవాణ్ణి ఏమనాలో ప్రభువే చెప్పాడు. మా లాకులు మూసే చెయ్యి మాకు కనబడాలి. కనబడని చెయ్యి మూయగలిగితే తెరవగలదు కూడా. ఆ ప్రసంగంలో ఒక్క మాట కూడా నేను వెనక్కి తీసుకోను. ఇవాళ కూడా తీసుకోను.

కానీ డబ్బా దించాను.

మంగళవారం

సంఘం కూడింది. మోడెం డబ్బా బల్ల మీద పెట్టి విషయం చెప్పాను. సంఘపెద్ద ఎలియాజరు లేచాడు. నా ప్రసంగం నాకే అప్పజెప్పాడు, చేతులు ఊపడంతో సహా. దొడ్డి, ద్వారం, దొంగ. ఎక్కడ గొంతు పెంచానో అక్కడ పెంచాడు. జనం ఆమేన్ అన్నారు. నేను చెప్పినప్పుడు కూడా అంత గట్టిగా అనలేదు.

"నువ్వే గదయ్యా చెప్పింది?" అన్నాడు ఎలియాజరు. "ఇప్పుడు వాక్యం మారిందా, నువ్వు మారావా?"

"వాక్యం మారలేదు. శనివారం వస్తోంది," అన్నాను.

"ప్రార్థన చేద్దాం."

"చేద్దాం. మొన్న పోటుకి కూడా చేశాం. ప్రభువు విన్నాడు, నలుగురు ఆడవాళ్ళ చేతులిచ్చాడు. ఈసారి చక్రం లేదు. ఏ చేతులిస్తాడో మనం చెప్పకూడదు."

వెనకనించి రిబ్కమ్మ అక్క, "అబ్బ, మొదలుపెట్టాడు," అంది. సగంమంది నవ్వారు. ఆ నవ్వే నాకు సందు ఇచ్చింది.

"ఒక్క మాట అడుగుతాను," అన్నాను. "నోవహు ఓడ కట్టాడు. నీళ్ళు రాకుండా కీలు పూశాడు. జంతువులని ఎక్కించాడు. అన్నీ తన చేత్తో చేశాడు. తలుపు ఎవరు వేశారు?"

ముందు వరసలో ఒకామె బైబిలు పేజీలు తిప్పింది.

"నోవహు లోపలున్నాడు. తలుపు వేసింది బయటినుంచి! లోపలున్నవాడికి ఆ చెయ్యి కనబడిందా? ఆ చేతిని నమ్మబట్టే కదా మనందరి తాతముత్తాతలు బతికింది!"

నా గొంతు దూలాలకి తగిలింది. ఎలియాజరు మాత్రం కూర్చోలేదు. "ఆ చెయ్యి దేవుడిది. ఈ చెయ్యి ఎవరిది? జీతగాళ్ళది," అన్నాడు. అది కూడా నిజమే. పొద్దు వాలేదాకా మాటలయ్యాక ఒక ఒడంబడిక కుదిరింది. మోడెం ఎవరు పిలిచినా పలకకూడదు. మేము ఎప్పుడు తలచుకుంటే అప్పుడు, మేము పెట్టిన నంబరుకి అదే పిలవాలి. పని కాగానే తీగ పీకెయ్యాలి. రెండోది, మందిరంలో పెట్టే ఏ వస్తువునైనా ప్రతిష్ఠించాకే వాడాలి. అది మా పద్ధతి. కంజరకైనా, జనరేటరుకైనా.

"సరే," అన్నాను. అందులో తప్పేముంటుంది?

బుధవారం

ఉపవాస కూడిక తర్వాత ప్రతిష్ఠ జరిగింది. పాట పాడాం. ఎలియాజరు కుప్పెలోని నూనె తీసి మోడెం నెత్తిన రాశాడు. తర్వాత స్విచ్ పెట్టె ముందుకి వెళ్ళి, తీగ పోయే రంధ్రం ఏదని అడిగాడు. పెట్టె ముందు వరసగా రంధ్రాలున్నాయి, లాకులవి. వెనకవైపు ఒంటరిగా ఒకటుంది. సాయం చేసేవాళ్ళ కోసమే పెట్టింది, కన్సోల్ అంటారు. చూపించాను. వేలు నూనెలో ముంచి ఆ రంధ్రం నిండా రాశాడు. భక్తితో రాశాడు. మాకందరికీ బాగుంది.

నీలం తీగ ఒక కొస మోడెంలో, ఒక కొస కన్సోల్‌లో పెట్టాను. టెలిఫోను తీగ మోడెంకి ఇచ్చాను. నంబరు కొట్టాను. మోడెం ఈలేసింది, అరిచింది, గొంతు గరగరలాడించింది. పక్కనున్న ఆడవాళ్ళు చెంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. తర్వాత నిశ్శబ్దం. తర్వాత తెగిపోయింది.

మాకున్నది ఒక్క తీగ. మోడెం మాట్లాడుతున్నప్పుడు మనుషులు మాట్లాడలేరు, మనుషులు మాట్లాడితే మోడెం తెగిపోతుంది. కాబట్టి మోడెం తీసి ఫోను పెట్టాను. వెంటనే మోగింది.

"సామీ, నా తెర మీద అంతా చెత్త వస్తాంది. అక్షరాలు, గుర్తులు, ఏం భాషో కూడా తెలీడం లేదు."

"అన్యభాషలేమో తల్లీ. అర్థం చెప్పే వరం ఎవరికైనా ఉండాలి."

"నాకు లేదు. వేగం తగ్గించి చూద్దాం."

వేగం తగ్గించాం. చెత్త. ఇంకా తగ్గించాం. చెత్త, ఈసారి నెమ్మదిగా వచ్చింది. తీగ మార్చాను. మోడెం తీయడం, ఫోను పెట్టడం, ఫోను తీయడం, మోడెం పెట్టడం. ఈ మధ్యలో స్విచ్ ఇంకోసారి పడుకుంది, లేపాను. మెడనుంచి చెమట కారుతోంది. నాకు నిలబడితే కూర్చోవాలని, కూర్చుంటే లేవాలని ఉంది.

చివరికి మందాకిని అడిగింది: "ఆ కన్సోల్ రంధ్రంలో తుప్పు ఉందా? ఒకసారి వేలు పెట్టి చూడు."

"వేలు జారుతోంది."

"జారడమేంది?"

"నూనె."

 

"నూనె యాడినించి వచ్చింది సామీ?"

"ప్రతిష్ఠించాం."

ఆవిడ నవ్వింది. ఎంత నవ్విందంటే పక్కవాళ్ళు ఎవరో ఏమిటని అడగడం నాకు వినబడింది. నాకు కోపం వచ్చింది. "మీ మెట్టమీద కొత్త యంత్రాలకి పసుపు పూసి కొబ్బరికాయ కొట్టరా?" అన్నాను.

"కొడతాం సామీ. కానీ నీళ్ళు మిషన్లో పొయ్యం." కాసేపటికి గొంతు సరిచేసుకుంది. "లోపల సన్నని రాగి వేళ్ళుంటాయి. మీ ఉప్పుగాలి దుమ్మంతా నూనెకి అంటుకుని ఆ వేళ్ళ మీద జిగురై ఉంటాది. స్పిరిట్‌తో కడుగు. నీళ్ళు వద్దు, కిరసనాయిలు అసలే వద్దు. స్పిరిట్."

మా నర్సమ్మ దగ్గర స్పిరిట్ సీసా ఉంది, ఖాళీది. పడవ వచ్చే వారం వస్తుంది.

గురువారం

బేతేలులంకలో స్పిరిట్ లేదు. సారా ఉంది.

గాబ్రియేలు దగ్గర ఉంది. కట్ట బయట, మడచెట్ల మధ్య తన నావ మీద కాస్తాడు. తాటిబెల్లం సారా. ఆ పని మానమన్నాను, మానలేదు. అందుకని సంఘంలోంచి అతణ్ణి తీయించింది నేనే. మందిరంలో నిలబడి, పేరు పెట్టి, అతని పెళ్ళాం ముందు. అది సరైన పనే. తాగి కట్ట మీంచి పడ్డవాళ్ళని నేను పాతిపెట్టాను, లెక్కపెట్టుకోవడం ఇష్టంలేదు.

రిబ్కమ్మ అక్క నన్ను పడవలో తీసుకెళ్ళింది. "నేను మాట్లాడనా?" అంది.

"వద్దు. నేనే."

"నువ్వు మాట్లాడితే సారా ఇవ్వడు, సమాధానమే ఇస్తాడు."

గాబ్రియేలు నావ అంచున కూర్చుని పొయ్యిలోకి కట్టెలు తోస్తున్నాడు. నన్ను చూసి లేవలేదు. "వందనాలండీ బోధకుడుగారూ. దాహమేసిందా?" అన్నాడు.

అక్క మొహం పక్కకి తిప్పుకుంది. ఆవిడ భుజాలు కదులుతున్నాయి.

విషయం చెప్పాను. అతను పొయ్యి వదిలి విన్నాడు. అతని తల్లి పల్లంవీధిలోనే ఉంటుంది.

"మొదటి ధార కావాలి మీకు," అన్నాడు. "నిప్పంటిస్తే నీలంగా మండేది. తర్వాత వచ్చేదాంట్లో నీళ్ళుంటాయి. మొదటి ధార ఎవరికీ అమ్మను, గొంతు కాలిపోద్ది." నావ అడుగునుంచి ఒక సీసా తీశాడు. ఇవ్వలేదు. ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఆదివారం ప్రభురాత్రి భోజనపు బల్ల దగ్గర నాకు చోటు కావాలి."

"ఈ పని మానేస్తావా?"

"నిన్ననే మానేసుంటే, ఇవాళ మీరు ఎవరి నావ ఎక్కేవారు?"

  ప్రభువు పన్నులు గుంజే సుంకరితో కలిసి భోజనం చేసినప్పుడు, ఆ సుంకరి ముందు రాజీనామా ఇచ్చాడా అని నేనెప్పుడూ ఆలోచించలేదు. చెట్టు మీంచి దిగమన్నాడు, మీ ఇంటికొస్తానన్నాడు. లెక్కలు తర్వాత అయ్యాయి.

"బేరం కాదు ఇది," అన్నాను. "సీసా ఇచ్చినా ఇవ్వకపోయినా ఆదివారం రా. నేను పిలుస్తున్నాను."

అతను నన్ను అలా చూస్తూ సీసా అక్క చేతికిచ్చాడు. "ముందే చెప్పుంటే ఇంత ఆలస్యం అయ్యేదా, అక్కా?" అన్నాడు ఆవిడతో, నాతో కాదు.

పుల్లకి దూది చుట్టి, మొదటి ధారలో ముంచి, ఆ రంధ్రాన్ని కడిగాను. దూది నల్లగా వచ్చింది, తర్వాత గోధుమరంగు, తర్వాత తెల్లగా. మందిరమంతా సారా వాసన. ఎలియాజరు గుమ్మం దగ్గరే ఆగిపోయి, లోపలికి రాకుండా వెళ్ళిపోయాడు. తుడిచి ఆరబెట్టి, మోడెం తగిలించాను. ఈల, అరుపు, గరగర. ఈసారి తెగలేదు.

పెట్టెకి ఇంకో పక్క మా పాత తెర ఒకటుంది. అందులో అక్షరాలు వచ్చాయి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు.

"వచ్చినా సామీ. లోపల ఉండా."

కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. భయమో, సంతోషమో నాకే తెలియలేదు.

శుక్రవారం

రోగం దొరికింది. పెట్టెని నడిపే ప్రోగ్రాం పాతబడి, తన జ్ఞాపకం తనే నింపేసుకుని ఊపిరాడక పడిపోతోందట. కొత్తది ఎక్కించాలి. ఈ సన్నటి తీగలో అది నెమ్మదిగా వస్తుంది.

"బిందెతో కాదు సామీ, ఉద్ధరిణితో పోస్తాండా. ఓపిక పట్టు," అని రాసింది.

పొద్దున్నించీ పోస్తోంది. మధ్యలో టక్కున తెగిపోయింది. ఏమిటా అని చూస్తే పల్లంవీధి చివర ఇంకో ఫోనుంది, ఇదే తీగ మీద. పోటు వస్తోందని అందరికీ గుబులు. పొరుగు లంకల్లో బంధువులకి చెప్పుకోవాలని ఎవరో రిసీవరు ఎత్తారు. ఎత్తగానే మోడెం తెగింది. మళ్ళీ మొదలు. మళ్ళీ ఎత్తారు.

పరుగెత్తాను. ఫోను దగ్గర ఆడవాళ్ళు వరస కట్టి ఉన్నారు. ఎత్తకండి అని చెప్పాను, మా అమ్మాయికి నెలలు నిండాయండి అందొకామె. ఏం చెప్పను? అక్క వచ్చింది. ఎవరినీ బతిమాలలేదు. రిసీవరు తీగతో సహా ఊడదీసి, చంకనున్న సంచిలో పడేసుకుంది.

"మీ అమ్మాయి బాగానే ఉంటుంది. నువ్వుండాలిగా, మనవణ్ణి చూడ్డానికి. పోటు తగ్గాక తిరిగిస్తా," అని వెళ్ళిపోయింది.

నేను సంఘమంతటినీ కూడగట్టి చెప్పే ప్రసంగం కంటే ఆ సంచి బాగా పనిచేసింది. సాయంత్రం దాకా తీగ తెగలేదు. సగం ఎక్కింది.

గాబ్రియేలుని గదిలో కూర్చోబెట్టుకున్నాను, సీసాతో. మళ్ళీ కడగాల్సి వస్తుందేమోనని. అతను ఇంతవరకు ఒక్క చుక్క ముట్టలేదు. నేను గమనిస్తున్నానని అతనికి తెలుసు. "మీరు అలా చూస్తుంటే తాగకపోయినా మత్తెక్కుతోందండీ," అన్నాడు.

శనివారం

ఇది వెంటనే రాస్తున్నాను.

మధ్యాహ్నం పోటు మొదలైంది. మందాకిని పొయ్యడం ఆపింది. "మిగతా సగం తరవాత. ఇప్పుడు పెట్టెని లేపి, నేనే చేత్తో దించుతా," అని రాసింది. మూడో దీపం మిణుకుమంది. కట్ట మీంచి అక్క ఎర్రగుడ్డ ఊపింది. షట్టరు దిగింది. కిటికీలోంచి చూశాను. ఏడామడల దూరంలో కూర్చున్న మనిషి వేలు కదిపితే, నాలుగు జతల చేతులు వేళ్ళాడితేగాని కదలని ఇనుము దిగింది. నేను మోకాళ్ళ మీద పడ్డాను. గాబ్రియేలు కూడా పడ్డాడు.

సముద్రం పైకి లేచింది. కట్ట అంచుదాకా వచ్చి, బూడిదరంగులో నిలబడి, లోపలికి చూసింది. పల్లంవీధిలో పిల్లలు అరుగుల మీదికి ఎక్కారు. షట్టరు పట్టుకుని ఉంది.

అప్పుడు తెర మీద అక్షరాలు వచ్చాయి.

"సామీ చదువుతాండావా."

నాకు మీటలు వెతుక్కుని కొట్టడం ఆలస్యం. "చదువుతున్నాను తల్లీ."

"ఏటి ఎగువన మా గిడ్డంగుల్లోకి నీళ్ళు ఎదురు తంతాండాయి. మీ మూడో లాకు ఎత్తితే ఆ నీళ్ళు మీ పల్లంలోకి పోయి గిడ్డంగుల కాడ తగ్గుతాయంట. ఎత్తమని పైనించి చెప్తాండారు."

చదివాను. మళ్ళీ చదివాను. నా ప్రసంగం నా కళ్ళ ముందు అక్షరాలై నిలబడింది. మూయగలిగే చెయ్యి తెరవగలదు. నేను చెప్పలేదా? చెప్పాను! నేను చెప్పింది నిజమైనందుకు నన్ను నేను శపించుకున్నాను.

"నేను ఎత్తను," అని వచ్చింది. "కానీ పక్క సీటాయన ఎత్తుతాడు. లేచి వస్తాండాడు. నీలం తీగ పీకెయ్ సామీ."

చెయ్యి తీగ మీద పెట్టాను. ఆగాను. తెర మీద గొంతు లేదు, మొహం లేదు. ఈ మాటలు రాస్తున్నది ఆవిడేనా? పీకితే పెట్టె పడిపోయేలా ఎవరైనా పన్నారా? గిద్యోను అయితే గొర్రెబొచ్చు పరిచి దేవుణ్ణి రెండుసార్లు గురుతు అడిగాడు. నాకు ఒకసారి అడిగే సమయం కూడా లేదు.

"ఏం రాసింది?" అన్నాడు గాబ్రియేలు.

"తీగ పీకమంటోంది. తననే బయట పెట్టమంటోంది."

అతను తెర వైపూ నా వైపూ చూశాడు. "దొంగెవడైనా తలుపేసుకోమని చెప్తాడా, బోధకుడుగారూ?"

అంతే. నేనేళ్ళ తరబడి దొడ్డి గురించి చెబుతున్నాను, ఈ ఒక్క మాట నాకు తట్టలేదు.

"నీకేమవుతుంది?" అని కొట్టాను.

"పీకు."

పీకాను. తెర నల్లబడింది. మూడో దీపం వెలుగుతూనే ఉంది. షట్టరు లేవలేదు. పొద్దు వంగేసరికి సముద్రం వెనక్కి తగ్గింది. పల్లంవీధిలో పాదాలు తడిశాయి, అంతకుమించి లేదు.

ఆదివారం

కృతజ్ఞతారాధన. నేను లేచేలోపే ఎలియాజరు లేచి సాక్ష్యం చెప్పాడు. "తీగ పీకాం, బతికాం. బోధకుడు మొదట చెప్పిందే దేవుని మాట." ఆమేన్, ఆమేన్.

నాకు నిప్పు అంటుకున్నట్టయింది. "కాదు!" అన్నాను. "మిమ్మల్ని కాపాడింది మీ గోడ కాదు. గోడకి బయట కూర్చున్న ఒక ఆడమనిషి! దేవుని ప్రజల వేగులవాళ్ళని దాచి, యెరికో గోడ మీద ఎర్రదారం కట్టిన ఆమె ఏ గోత్రం? మన సంఘమా? మన పాట పాడిందా? మన నూనె రాసుకుందా?"

బల్ల దగ్గర గాబ్రియేలు కూర్చున్నాడు. అతని పక్క చోటు కాసేపు ఖాళీగా ఉంది. తర్వాత రిబ్కమ్మ అక్క లేచి వెళ్ళి అక్కడ కూర్చుంది.

మంగళవారం

సగం ఎక్కిన ప్రోగ్రాం అసలు ఎక్కనిదానికంటే చెడ్డది. పెట్టె గంటకోసారి పడిపోతోంది. లేపుతున్నాను, పడిపోతోంది. పున్నమి పోటు ముందుంది. నిద్రలేదు, తిండి మీద ధ్యాస లేదు.

సహాయ కేంద్రంనుంచి ఫోను. మగ గొంతు, చాలా మర్యాద. "జరిగినదానికి చింతిస్తున్నామండి. మోడెం తగిలించండి, మిగతా సగం మేము పూర్తిచేస్తాం. ఇకనుంచి మీరు పిలవాల్సిన శ్రమ కూడా లేకుండా ఎప్పుడూ తగిలించే ఉంచండి. మేమే వచ్చి చూసుకుంటాం."

"మందాకినమ్మని పిలవండి."

"ఆ పేరుతో ఇక్కడ ఎవరూ పనిచెయ్యడం లేదండి."

ఫోను పెట్టేశాను. పెట్టేసి, గోడకేసి నిలబడ్డాను. నీకేమవుతుందని నేను అడిగిన ప్రశ్నకి ఆవిడ జవాబు చెప్పలేదు. ఇప్పుడు తెలిసింది.

బుధవారం

కూడిక నడుస్తుండగా ఫోను మోగింది. వాక్యం మధ్యలో ఆపి పరుగెత్తాను. నా వెనక సంఘమంతా వచ్చింది.

"సామీ, నేనే."

"ఎక్కడున్నావు తల్లీ?"

"మా చిన్నాయన సైకిల్ షాపులో. ఉద్యోగం పోయింది, పోనీలే. ఈడ అటక మీద పాత మోడెం ఒకటి దొరికింది. మీ ప్రోగ్రాం నా దగ్గరుంది. వచ్చేటప్పుడు తెచ్చుకున్నా. చెప్పకుండా తెచ్చుకున్నా సామీ. దొంగతనమే అనుకో. నీకు ఇష్టమైతేనే. ఈ షాపు నంబరు చెప్తా, రాసుకో."

గొంతు పెద్దదే, గదిలో అందరికీ వినబడింది. ఎలియాజరు ముందుకొచ్చాడు. కోపంగా లేడు, నిజంగా భయపడుతున్నాడు.

"దొంగనని ఆమే చెప్పింది కదయ్యా. వాళ్ళ అనుమతి లేదు. ఆమెని లోపలికి రానిస్తే రేపు మనకి పై సాయమే ఉండదు. వాళ్ళు మన పేరు కొట్టేస్తారు."

"కొట్టేస్తారు," అన్నాను.

"మరి దొడ్డి సంగతేమిటి? ఇంకో దారిన ఎక్కివచ్చేవాడి సంగతి?"

ఆ ప్రశ్న నాది. నేనే వాళ్ళకి నేర్పాను. కిటికీ అవతల కట్ట, కట్ట కింద పల్లంవీధి కప్పులు. గుమ్మంలో గాబ్రియేలు. నా చేతిలో రిసీవరు, అందులో సైకిల్ షాపు చప్పుళ్ళు, ఎవరో గాలి కొడుతున్నారు.

"పెద్దాయనా," అన్నాను, ఈసారి గొంతు పెంచకుండా, "సిలువ మీద ప్రభువు ఎవరికి మాటిచ్చాడు? ఆయనతో ముందుగా లోపలికి వెళ్ళింది ఎవరు? పేతురా? యోహానా?"

 ఎలియాజరుకి వాక్యం బాగా వచ్చు, పక్క సిలువ మీది దొంగ అని నేను చెప్పనక్కర్లేదు. కలం నా చేతికిచ్చి, "నంబరు సరిగ్గా రాసుకో," అన్నాడు.

రాసుకున్నాను. మోడెంలో కేంద్రం నంబరు చెరిపేసి సైకిల్ షాపు నంబరు కొట్టాను. నా తర్వాత ఈ గది చూసేవాళ్ళకి చెబుతున్నాను: ఆ నంబరు మార్చింది తుంపాల జెకర్యా. ఎవరైనా అడిగితే నా పేరు చెప్పండి.

మోడెం ఈలేసింది. అరిచింది. తెర మీద అక్షరాలు ఒక్కొక్కటే వస్తున్నాయి.

"ఎవరా అమ్మాయి? ఎలా ఉంటుంది?" అంది రిబ్కమ్మ అక్క నా భుజం మీంచి చూస్తూ.

"తెలీదక్కా," అన్నాను. "నువ్వు త్వరగా పల్లంవీధికి వెళ్ళు. ఎవరూ ఫోను ఎత్తకుండా చూడు."